క్రియ కింద గీత గీయుము

తొమ్మిదో తరగతి, బి సెక్షను.
బోర్డు మీద నేనే రాశాను,
"ది రివర్ ఫ్లడ్స్ ది ఫీల్డ్స్" అని.
పని చేసే మాట క్రియ,
దాని కింద గీత గీయండన్నాను.
ఇరవై ఏడు మంది గీశారు.
కొందరు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి,
కొందరు చివర ఎస్ ఉన్న ప్రతి మాటకీ
ఏదో ఒకటి తగలకపోదా అని.
సంగాడి నూకరత్నం మాత్రం
స్కేలు పెట్టి, తిన్నగా,
రివర్ కింద గీసింది.

అది నామవాచకం కదమ్మా, వట్టి పేరు, అన్నాను.
"పని చేసే మాటన్నారు కదండీ మాస్టారూ.
పొలం ఏం చేత్తదండీ, పడుంటది.
చేసేదంతా గోదారే కదండీ."

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వుతూనే ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టాను.

ఈ పిల్లలకి ఈజ్ నేర్పడమంటే
ఇసకలో గుంజ పాతడం.
మాది కొత్తలంక. ఈయన మా బాబాయి. బోరు నీళ్లు ఉప్పన.
ఇందులో క్రియ ఎక్కడుంది?
లేకపోయినా బాబాయి బాబాయే, నీళ్లు ఉప్పనే.
ఇంగ్లీషు అలా ఊరుకోదు,
సాక్షి సంతకం లేని దస్తావేజులా
వెనక్కి తిప్పి పంపేస్తుంది.
మనం క్రియని చివరిదాకా దాచుకుంటాం.
కదిలే బస్సు కిటికీలోంచి ఎవడైనా
"మీ వాడు నిన్న అమలాపురంలో..." అని కేకేస్తే
పడ్డాడో, పాసయ్యాడో తెలియడానికి
బస్సు వెనక పరిగెత్తాల్సిందే.
వాళ్లకి రెండో మాటకే తేలిపోతుంది.

ఫిష్ అంటే చేప అని రాయించిన వారానికే
ఫిష్ అంటే చేపలు పట్టడం కూడా అని రాయించాల్సొచ్చింది.
వెనక బెంచీ పాలెపు ఏసుబాబు లేచాడు.
"మరి నెట్ అంటేనండీ?"
డిక్షనరీ చూశాను. ఉంది, క్రియగా.
"బోటూ?" ఉంది.
"సాల్టు?" అదీ ఉంది.
వాళ్ల నాన్న పడవలో ఉన్న ప్రతి వస్తువూ
ఆ భాషలో లేచి పని చేస్తోంది.
ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే
రివర్ కోసం వెతికాను.
క్రియ కాదట.

మర్నాడు సాయంత్రం పంటు మీద
సైకిలు పట్టుకుని నిలబడ్డాను.
లంకె సత్తిరాజు రేవు కేసి అరుస్తున్నాడు,
"రేపు పంటు లేదు! గోదారొత్తంది!"
పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్న ఏటిని పట్టుకుని
ఒత్తంది అంటాం మేము.
వరద అన్న మాట మాకంత అక్కర్లేదు,
ఏటి పేరుకి కాళ్లు తగిలిస్తే చాలు.
నా ఎర్ర ఇంటూ
నాతోపాటే ఏరు దాటింది.

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
బడి నాలుగు రోజులు మూశారు.
తెరిచేసరికి బెంచీల కాళ్లకి ఒండ్రు,
హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్లు.
నూకరత్నం ఎనిమిదో రోజు వచ్చింది,
తడిసి, ఎండి, ఉబ్బిన పుస్తకంతో.
సొంత వాక్యం ఒకటి రాయమంటే
"అవర్ కిచెన్ గో" అని రాసి
గో కింద రెండు గీతలు గీసింది.

గో కాదు, అయిపోయిన పని కదా, వెంట్ అనాలన్నాను.
వెంట్ కేసి చాలాసేపు చూసింది.
"అయిపోలేదండీ.
వంటిల్లయితే పోయింది. ఇప్పుడు
కొబ్బరిచెట్ల మొదట్లో కోత్తంది.
రాత్రి కూడా ఇన్నామండీ, దబ్బుమని."

ఆ పూట నా ప్లానులో ప్రిపొజిషన్లున్నాయి.
పక్కన పెట్టాను.
బోర్డు తుడిచి ఐ, ఎన్, జి అని రాసి
ఇంకా ఆగని పనికి ఇది తోక, అన్నాను.
తోకుంటే ముందు ఈజ్ ఉండాలి, మర్చిపోకండి.
తనే వచ్చి సుద్దముక్క తీసుకుంది.
"ది రివర్ ఈజ్" దాకా రాసి ఆగి,
కొయ్యడాన్ని ఏమంటారండీ, అంది.
కట్, అన్నాను.
టీ ఇంకొకటి పడాలని చెప్పేలోపే
గీత కూడా గీసేసింది,
చెయ్యి ఎత్తకుండా,
రివర్ దగ్గర మొదలుపెట్టి
ఆఖరి జి దాటి, బోర్డు చెక్క మీదికి.

నేను టీ ఒక్కటే దిద్దాను.